పని కష్టమా, పని చెప్పే తీరు కష్టమా? అభ్యసన వైకల్యం ఉన్న ఉద్యోగులకు తోడ్పాటు

క్లుప్తంగా: అభ్యసన వైకల్యం అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పరిస్థితులను కలిపేయడం వల్ల సంస్థలు తరచూ తప్పు మనిషికి తప్పు సాయం అందిస్తున్నాయి. ఈ ఉద్యోగులకు ఎదురయ్యే ఇబ్బందుల్లో పెద్ద భాగం అసలు పనిలో ఉండదు, ఆ పనిని చెప్పే, నేర్పే, పరీక్షించే పద్ధతిలో ఉంటుంది. దాన్ని సరిచేసే మార్పులు చాలావరకు డబ్బుకన్నా ఓపికనే ఎక్కువ అడుగుతాయి. ఉద్యోగంలో చేర్చుకోవడంతో తోడ్పాటు అయిపోదు. అది ఎంత గట్టిదో ప్రమోషన్ వచ్చినప్పుడు, సూపర్‌వైజర్ మారినప్పుడు తేలుతుంది.

పదిహేను సెకన్లలో ఐదు మాటలు

ఒక గోదాములో పొద్దుటి షిఫ్ట్ మొదలవుతోందనుకుందాం. సూపర్‌వైజర్ నడుస్తూనే చెబుతాడు: "ఆ నీలం డబ్బాలు లెక్కపెట్టు. పగిలినవి పక్కన పెట్టు. మిగతావి రెండో వరుసలో సర్దు. పన్నెండు లోపు అయిపోవాలి. ఆ, లేబుల్ లేనివి మాత్రం ముట్టుకోకు." ఇదంతా చెప్పడానికి పట్టింది పదిహేను సెకన్లు. పదకొండున్నరకు వచ్చి చూస్తే లెక్క సరిగ్గా ఉంది, పగిలినవి పక్కన ఉన్నాయి, సర్దినది కూడా బాగుంది. కానీ లేబుల్ లేని డబ్బాలు కూడా వరుసలోకి ఎక్కేశాయి. "ఎన్నిసార్లు చెప్పినా అంతే, వినడు" అనే ముద్ర ఆ ఉద్యోగి మీద పడిపోతుంది.

జరిగినదాన్ని విడదీసి చూస్తే విషయం వేరు. అతనికి లెక్కపెట్టడం వచ్చు, ఏది పగిలిందో తెలుసు, సర్దడం వచ్చు. కుదరనిది ఒక్కటే. చెవిన పడ్డ ఐదు మాటలను వరుస తప్పకుండా తలలో నిలుపుకోవాలి, పైగా చివర్లో వచ్చిన మినహాయింపును వెనక్కి తీసుకెళ్లి మొదటి మాటకు తగిలించాలి. పని చేస్తున్నంతసేపు సమాచారాన్ని తలలో పట్టి ఉంచే ఈ శక్తినే వర్కింగ్ మెమరీ అంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం పెద్దవాళ్లలో దీని సామర్థ్యం సుమారు నాలుగు అంశాలు. అంటే ఆ ఐదు మాటలు ఎవరికైనా ఎక్కువే. అలవాటైనవాళ్లు జారిపోయినదాన్ని ఊహతో పూరించుకుంటారు. అభ్యసన వైకల్యం ఉన్న చాలామందిలో వర్కింగ్ మెమరీ ఇంకా ఇరుకుగా ఉంటుంది, కాబట్టి జారిపోయేదీ ఎక్కువే.

అవే ఐదు మాటలను మినహాయింపుతో మొదలుపెట్టి, ఒక అట్ట మీద వరుసగా రాసి, చదవడం రానివారికైతే ఫొటోలు అంటించి గోడకు తగిలిస్తే పని ఏమాత్రం మారదు. జ్ఞాపకం పెట్టుకోవాల్సిన భారం మాత్రం తలమీద నుంచి గోడమీదికి మారుతుంది. పని స్థలంలో తోడ్పాటు అన్నప్పుడు ఎక్కువగా జరగాల్సింది ఇదే.

ఒకే పేరు, రెండు అర్థాలు

ఈ అంశం మీద గందరగోళానికి మూలం పేరులోనే ఉంది. ఇంగ్లిష్‌లో "లెర్నింగ్ డిసెబిలిటీ" అనే మాటకు దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. అమెరికాలో శామ్యూల్ కర్క్ అనే విద్యావేత్త 1963లో షికాగోలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. తెలివితేటలు మామూలుగానే ఉండి, చదవడం, రాయడం, లెక్కలు వంటి నిర్దిష్ట నైపుణ్యాల్లో మాత్రమే గట్టి ఇబ్బంది ఉన్నవారి గురించి ఆయన మాట్లాడారు. చదవడంలో ఇబ్బంది అయిన డిస్‌లెక్సియా, రాయడంలో ఇబ్బంది అయిన డిస్‌గ్రాఫియా, లెక్కల్లో ఇబ్బంది అయిన డిస్‌కాల్క్యులియా ఈ కోవలోవే. భారతదేశంలో కూడా "స్పెసిఫిక్ లెర్నింగ్ డిసెబిలిటీ" అంటే ఇదే అర్థం.

బ్రిటన్‌లో అదే మాటను మేధో వైకల్యానికి వాడతారు. అంటే విషయాలను అర్థం చేసుకోవడం, కొత్తవి నేర్చుకోవడం, రోజువారీ వ్యవహారాలు నడుపుకోవడం మొత్తంగా నెమ్మదిగా ఉండి, అది చిన్నతనం నుంచే మొదలైన పరిస్థితి. డిస్‌లెక్సియా వంటివాటికి అక్కడ "లెర్నింగ్ డిఫికల్టీ" అనే వేరే మాట ఉంది. ఐతే 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్య వర్గీకరణ డీఎస్ఎం-5, 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 రెండూ ఈ రెండు పరిస్థితులను స్పష్టంగా వేరు చేశాయి. డీఎస్ఎం-5 అంచనా ప్రకారం మేధో వైకల్యం జనాభాలో సుమారు 1 శాతం మందిలో ఉంటుంది. నిర్దిష్ట అభ్యసన వైకల్యం బడి ఈడు పిల్లల్లో 5 నుంచి 15 శాతం, పెద్దల్లో సుమారు 4 శాతం.

ఇది పదాల గొడవలా కనిపించవచ్చు కానీ దీని ప్రభావం నేరుగా ఉద్యోగి మీద పడుతుంది. బ్రిటన్‌లో తయారైన మార్గదర్శిని చదివిన మేనేజర్, డిస్‌లెక్సియా ఉన్న ఇంజనీరుకు చిన్నపిల్లలకు చెప్పినట్టు ముక్కలు ముక్కలుగా పని చెబితే ఆయనకు అది అవమానమే. మేధో వైకల్యం ఉన్న వ్యక్తికి స్పెల్లింగ్ సరిచేసే సాఫ్ట్‌వేర్ ఇచ్చి "సదుపాయం కల్పించాం" అనుకుంటే ఆ వ్యక్తికి ఒరిగేదేమీ లేదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం) వేరే పరిస్థితులు. ఇవి పై రెండింటితో కలిసి ఉండటం మాత్రం తరచుగా కనిపిస్తుంది.

పాత పేర్ల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. అమెరికా 2010లో "రోజాస్ లా" అనే చట్టంతో తన కేంద్ర చట్టాల్లోంచి "మెంటల్ రిటార్డేషన్" అనే మాటను తీసేసింది. తెలుగులో "మందబుద్ధి" అనే మాట అదే కాలపు మిగులు. ఆఫీసు ఫైళ్లలోనైనా, టీ దగ్గర మాటల్లోనైనా అది వినిపిస్తున్నంత కాలం, తనకు సాయం కావాలని ఎవరూ నోరు తెరిచి అడగరు.

చదవగలిగినా అలసిపోయేవాళ్లు

డిస్‌లెక్సియా చిన్నపిల్లల సమస్య అనే అభిప్రాయం బలంగా ఉంది. బ్రిటిష్ వైద్యుడు ప్రింగిల్ మోర్గాన్ 1896లో వైద్య పత్రికకు రాసిన తొలి వివరణ కూడా 14 ఏళ్ల కుర్రవాడి గురించే. చురుకైనవాడు, లెక్కల్లో దిట్ట, చదవడం మాత్రం పట్టుబడదు. అలాంటి పిల్లలు పెద్దవాళ్లవుతారు. వైకల్యం వాళ్లతోనే ఉంటుంది, దాన్ని దాటేసే ఉపాయాలు మాత్రం పెరుగుతాయి.

అక్షరాన్ని ధ్వనితో జతచేసే ప్రక్రియ మామూలుగా కొన్నేళ్ల సాధనతో అప్రయత్నంగా జరిగిపోయే స్థితికి వస్తుంది. సైకిలు తొక్కడం వచ్చాక పెడల్ గురించి ఆలోచించనట్టే, చదవడం వచ్చాక అక్షరాల గురించి ఆలోచించం. డిస్‌లెక్సియాలో ఈ అప్రయత్న స్థితి పూర్తిగా రాదు. ప్రతి వాక్యానికీ కొంత శ్రద్ధ ఖర్చవుతూనే ఉంటుంది. అందువల్ల పది పేజీల నివేదిక చదివాక సారాంశం సరిగ్గా చెప్పగలిగినా, ఆ తర్వాత గంటసేపు మరేదీ తలకెక్కదు. సాయంత్రానికి తప్పులు పెరుగుతాయి. బయటివాళ్లకు కనిపించేది ఆ తప్పులే.

రాత పద్ధతిని బట్టి ఈ లక్షణం రూపం మారడం ఆసక్తికరమైన సంగతి. ఇంగ్లిష్‌లో రాతకూ పలుకుబడికీ పొంతన తక్కువ కాబట్టి డిస్‌లెక్సియా తప్పుల రూపంలో బయటపడుతుంది. జర్మన్ వంటి, రాసినది రాసినట్టే చదివే భాషల్లో తప్పులు తక్కువ, నెమ్మది ఎక్కువ అని పరిశోధనలు చూపాయి. తెలుగు కూడా రాసినట్టే చదివే భాష. తప్పులు కనిపించనప్పుడు వైకల్యం కనిపించదు, నెమ్మదితనం "బద్ధకం"గా లెక్కలోకి వస్తుంది.

ఇంకో మలుపు ప్రమోషన్. ఏళ్ల తరబడి యంత్రాల దగ్గర అద్భుతంగా పనిచేసిన టెక్నీషియన్‌ను సూపర్‌వైజర్‌ని చేస్తారు. మర్నాటి నుంచి పని స్వభావమే మారుతుంది. రోజూ ఈమెయిల్స్, షిఫ్ట్ పట్టికలు, సంఘటన నివేదికలు. అప్పటిదాకా చేతులతో, కళ్లతో, జ్ఞాపకంతో నెట్టుకొచ్చిన మనిషి ఒక్కసారిగా రాతలో ఇరుక్కుపోతాడు. నిన్నటిదాకా మెచ్చుకున్న మేనేజరే ఆర్నెల్లకు "ఇతనికి సీరియస్‌నెస్ తగ్గింది" అని రాస్తాడు. డిస్‌కాల్క్యులియా ఉన్నవారికి షిఫ్ట్ పట్టికలోని తేదీలు, ఒక పనికి ఎంతసేపు పడుతుందో వేసే అంచనాలు ఇదే తరహా ఇబ్బంది. డిస్‌గ్రాఫియా ఉన్నవారికి మీటింగ్‌లో వింటూ రాసుకోవడమే పెద్ద టెన్షన్.

ఇలాంటివారికి ఉపయోగపడేవి పెద్ద ఏర్పాట్లు కావు. పత్రాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, మాట్లాడితే టైప్ చేసే సౌకర్యం, మీటింగ్ పత్రాలు ఒకరోజు ముందు పంపడం, మీటింగ్‌ను రికార్డు చేసుకోనివ్వడం, ఖాళీ పేజీకి బదులు నింపాల్సిన గళ్లున్న నమూనా ఇవ్వడం, బయటికి వెళ్లే ముఖ్యమైన రాతను మరొకరు ఒకసారి చూసిపెట్టడం. టెక్నీషియన్ ఉదాహరణలో నివేదికను ఫోన్‌లో మాట్లాడి పంపే వీలిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. నివేదికలో ఉండాల్సిన విషయం ఆయనకు అందరికన్నా బాగా తెలుసు.

రంగు బాగా చెబుతుంది

మేధో వైకల్యం ఉన్నవారి విషయంలో ప్రశ్న మరింత లోతైనది. వాళ్లు సంక్లిష్టమైన పనులు నేర్చుకోలేరని చాలాకాలం అనుకునేవారు. 1970ల మొదట్లో అమెరికన్ పరిశోధకుడు మార్క్ గోల్డ్ ఈ నమ్మకాన్ని నేరుగా పరీక్షకు పెట్టారు. మేధో వైకల్యం ఉన్నవారికి 15 భాగాలున్న సైకిల్ బ్రేకును బిగించడం నేర్పారు. ఆయన మాటలు తగ్గించారు. పనిని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టారు, భాగాలను బిగించే వరుసలోనే పేర్చారు. కొందరికి ఇచ్చిన భాగాల్లో పైకి కనిపించాల్సిన వైపు రంగు పూశారు. రంగు చూసి బిగించినవాళ్లు, ఆకారం మీదే ఆధారపడ్డవాళ్లకన్నా త్వరగా నేర్చుకున్నారు. నేర్చుకోవాల్సిన వ్యక్తికి పని రాకపోతే నేర్పే పద్ధతి మార్చాలనేది గోల్డ్ వాదన. అప్పట్లో అది కొత్త ఆలోచన.

అదే సూత్రం జపాన్‌లోని కవాసాకీలో ఒక సుద్దముక్కల ఫ్యాక్టరీలో ఇప్పటికీ కళ్లారా చూడవచ్చు. నిహోన్ రికాగాకు అనే ఆ సంస్థ 1960లో మేధో వైకల్యం ఉన్న ఇద్దరు అమ్మాయిలను పనిలోకి తీసుకుంది. ఇప్పుడు అక్కడి ఉద్యోగుల్లో 70 శాతానికి పైగా మేధో వైకల్యం ఉన్నవారే. ముడి పదార్థాన్ని తూచాలంటే కాటా మీది అంకెలు చదవాలి, కొందరికి అది రాదు. సంస్థ అంకెల్ని పక్కన పెట్టేసింది. ఎరుపు డబ్బాలో వచ్చిన పదార్థాన్ని ఎరుపు తూనికరాయితో, నీలం డబ్బాలోదాన్ని నీలం తూనికరాయితో తూచాలి. కాటా సమంగా నిలిస్తే చాలు. పదార్థాన్ని కలపడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం చూసి చెప్పలేనివారికి ఇసుక గడియారం ఇచ్చారు. ఇసుక పూర్తిగా జారితే ఆపేయాలి. సుద్దముక్క మందం సరిగ్గా ఉందో లేదో కొలవడానికి స్కేలు అక్కర్లేని అచ్చు ఉంది.

ఇక్కడ నాణ్యత విషయంలో ఎలాంటి రాజీ లేదు. తూకం తప్పితే సుద్దముక్క విరిగిపోతుంది, కొనేవాడు ఊరుకోడు. తూకం సరిగ్గా ఉండాలన్న షరతు అలాగే ఉంది, అంకెలు చదవాలన్న షరతు మాత్రం పోయింది. ఏ ఉద్యోగంలోనైనా ఈ రెండో రకం షరతులు ఎన్ని దాగి ఉన్నాయో వెతకడం తోడ్పాటులో అన్నిటికన్నా శ్రమతో కూడిన భాగం. అవి ఎవరూ కావాలని పెట్టినవి కావు, అందుకే అంత తేలిగ్గా కంటపడవు.

నేర్పేటప్పుడు మరో చిక్కు ఉంది. "అర్థమైందా?" అని అడిగితే మేధో వైకల్యం ఉన్న చాలామంది "అర్థమైంది" అంటారు. అవును, కాదు అనే ప్రశ్నలకు అవును వైపే మొగ్గడం వీరిలో ఎక్కువని 1980ల మొదట్లోనే పరిశోధకులు గుర్తించారు. ఎదుటివారిని నొప్పించకూడదనే తపన, తెలియదంటే తిట్లు పడతాయన్న జీవితకాలపు అనుభవం, ప్రశ్న సరిగ్గా అందకపోవడం ఇందుకు కారణాలు. కాబట్టి అలా అడగడం వల్ల ప్రయోజనం లేదు. "ఇప్పుడు మొదట ఏం చేస్తారు? ఒకసారి చేసి చూపించండి" అంటే నిజం తెలుస్తుంది. భద్రతకు సంబంధించిన పనుల్లో, అంటే రసాయనాలు, యంత్రాలు, విద్యుత్ దగ్గర ఈ తేడా ప్రాణాలతో ముడిపడి ఉంటుంది.

ముందు శిక్షణా, ముందు ఉద్యోగమా

ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ దేశాలు ఎంచుకున్న దారి ప్రత్యేక కార్యశాలలు. వైకల్యం ఉన్నవారందరినీ ఒకచోట చేర్చి ప్యాకింగ్, అతికింపు వంటి తేలిక పనులు నేర్పుతారు, సిద్ధమయ్యాక బయటి ఉద్యోగానికి పంపుతామంటారు. ఆచరణలో ఆ "సిద్ధమయ్యే" రోజు చాలామందికి రాలేదు. అమెరికాలో 1938 నాటి కార్మిక చట్టంలోని 14(సి) నిబంధన అలాంటిచోట్ల కనీస వేతనంకన్నా తక్కువ ఇవ్వడానికి కూడా అనుమతించింది. జర్మనీలో సుమారు 3 లక్షల మంది ఇప్పటికీ ప్రత్యేక కార్యశాలల్లో పనిచేస్తున్నారు. అక్కడినుంచి సాధారణ ఉద్యోగాల్లోకి వెళ్లేవారు అతి కొద్దిమంది.

కారణం ఊహించడం కష్టం కాదు. మేధో వైకల్యం ఉన్నవారికి ఒకచోట నేర్చుకున్నదాన్ని మరోచోటికి మోసుకెళ్లడం కష్టం. కార్యశాలలో కవర్లు అతికించడం నేర్చుకున్న మనిషి, ఆసుపత్రిలో సామాను సర్దడానికి ఆ శిక్షణతో సిద్ధం కాలేడు. బల్ల వేరు, శబ్దాలు వేరు, మనుషులు వేరు. అందుకే 1970ల చివరి నుంచి క్రమం తిరగబడింది. ముందు అసలు ఉద్యోగం, ఆ స్థలంలోనే శిక్షణ. దీన్ని సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అంటారు. జాబ్ కోచ్ అనే వ్యక్తి మొదట కొన్ని వారాలు పక్కనే ఉండి పని నేర్పుతారు, తర్వాత రోజు విడిచి రోజు వస్తారు, ఆ తర్వాత వారానికోసారి.

ఇలా వెనక్కి తగ్గడంలోనే నేర్పు ఉంది. కోచ్ ఎప్పుడూ పక్కనే ఉంటే తోటి ఉద్యోగులు ఏ మాటైనా కోచ్‌తోనే చెబుతారు. ఆ ఉద్యోగి అక్కడ ఉన్నా లేనట్టే. పక్క సీటులో పనిచేసే మనిషే "ఆ ట్రేలు ముందు పెట్టేయ్, తర్వాత భోజనానికి వెళ్దాం" అని మామూలుగా గుర్తుచేసే స్థితి వస్తే ఉద్యోగం నిలబడుతుంది. ఇలాంటి సహజ తోడ్పాటు జీతమిచ్చి పెట్టిన కోచ్‌కన్నా ఎక్కువకాలం ఉంటుంది.

1996లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలైన ప్రాజెక్ట్ సెర్చ్ ఈ ఆలోచనకు మంచి ఉదాహరణ. అక్కడి అత్యవసర విభాగం డైరెక్టర్ ఎరిన్ రీల్‌కు ఒక మామూలు సమస్య ఉండేది. అలమరాల్లో వైద్య సామాను నింపే ఉద్యోగంలో ఎవరూ నిలవడం లేదు. అది క్రమం తప్పకుండా, ఒకే పద్ధతిలో, జాగ్రత్తగా చేయాల్సిన పని. మేధో వైకల్యం ఉన్న యువతకు ఆ పని ఎందుకు ఇవ్వకూడదన్న ఆమె ప్రశ్న నుంచి ఏడాది పాటు ఒకే సంస్థలో వేర్వేరు విభాగాల్లో పనిచేస్తూ నేర్చుకునే కార్యక్రమం పుట్టి, తర్వాత అనేక దేశాలకు పాకింది. దాని మూలం ఆసుపత్రి అవసరంలోనే ఉందన్నది గమనించాల్సిన సంగతి. సానుభూతితో ఇచ్చిన ఉద్యోగం బడ్జెట్ తగ్గిన రోజు పోతుంది. అవసరం తీర్చే ఉద్యోగం అంత తేలిగ్గా పోదు.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2002 నాటికి తన చివరి ప్రత్యేక కార్యశాలను మూసేసింది. ఆ వార్త విన్న కుటుంబాలకు కలిగే భయాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కార్యశాల అంటే రోజూ వెళ్లే చోటు, స్నేహితులు, భద్రత. బయటి ఉద్యోగం వారానికి పది గంటలే దొరికితే మిగతా సమయం ఇంట్లో ఒంటరిగా గడపాలి. కార్యశాలను మూసేయడం ఒక్కటే సరిపోదు, మిగతా గంటలకూ ఏదో ఒక ఏర్పాటు ఉండాలి. ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థల నుంచి దీర్ఘకాలిక సంరక్షణ సాయం పొందుతున్న మేధో వైకల్యం ఉన్న పెద్దల్లో జీతం వచ్చే పని ఉన్నవారు సుమారు 5 శాతమే. విధానం మారినంత మాత్రాన ఉద్యోగాలు పుట్టవని ఆ అంకె చెబుతోంది.

చట్టం ఏమంటోంది

2006 డిసెంబర్‌లో ఆమోదం పొంది 2008 మేలో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం ఈ విషయంలో కీలకం. దాని 27వ అధికరణం అందరితో సమానంగా పనిచేసే హక్కును గుర్తించింది. సముచిత సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షే అని రెండో అధికరణం చెప్పింది. సర్దుబాటు అంటే అవసరమైన మార్పు, అయితే అది సంస్థ మోయలేనంత భారం కాకూడదు. 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం 15 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలకు వర్తిస్తుంది. 2008 సవరణ చదవడం, ఆలోచించడం, ఏకాగ్రత వంటివాటిని జీవితంలోని ప్రధాన కార్యకలాపాలుగా పేర్కొంది. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ఉంది. భారతదేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం రెండూ ఉన్నాయి. కనీసం 40 శాతం వైకల్య ధ్రువీకరణ ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది.

ఆ 40 శాతం గీత రిజర్వేషన్‌కు సంబంధించినది. సర్దుబాటు అడగడానికి అది షరతు కాదన్న స్పష్టత 2021 ఫిబ్రవరిలో భారత సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుతో వచ్చింది. చేతితో రాయలేని అభ్యర్థి సివిల్స్ పరీక్షకు రాతసాయం కోరిన కేసు అది. ధ్రువీకరణ శాతం తక్కువైనా సాయం పొందే హక్కు ఉంటుందని కోర్టు చెప్పింది.

ఖర్చు గురించిన భయం చాలావరకు అతి. అమెరికాలో 1983 నుంచి యజమానులకు సలహాలిస్తున్న జాబ్ అకామొడేషన్ నెట్‌వర్క్ సర్వేల్లో దాదాపు సగం సర్దుబాట్లకు ఒక్క పైసా కూడా ఖర్చు కాలేదని యజమానులే చెప్పారు. ఖర్చయ్యేది సమయం, అదీ ముఖ్యంగా నేరుగా పైనున్న సూపర్‌వైజర్ సమయం. సంస్థలు లెక్కలో వేయనిది అదే. ఆ సూపర్‌వైజర్ టార్గెట్లు తగ్గించకుండా ఈ బాధ్యత అదనంగా పెడితే కాగితం మీద ఎంత మంచి విధానం ఉన్నా అమలు కాదు.

చెప్పాలా, వద్దా

చక్రాల కుర్చీ కనిపిస్తుంది, డిస్‌లెక్సియా కనిపించదు. అందువల్ల సర్దుబాటు కావాలంటే ముందు ఉద్యోగి నోరు విప్పాలి. చెబితే సాయం దొరకవచ్చు, ప్రమోషన్ ఆగిపోనూవచ్చు. చెప్పకపోతే ముద్ర పడదు కానీ ప్రతి తప్పూ నిర్లక్ష్యం కిందికి వస్తుంది. చాలామంది తప్పులు పోగుపడి మెమో చేతికి వచ్చాక చెబుతారు. అప్పుడు అది సాకులా వినిపిస్తుంది. ఈ ఆలస్యానికి కారణం ఉద్యోగి మొండితనం అనుకోవడం పొరపాటు. అంతకుముందు చెప్పినవాళ్లకు ఏమైందో అతను చూసి ఉంటాడు.

ఈ ముడిని కొంతవరకు విప్పే మార్గం, కొన్ని పద్ధతులను ఎవరూ అడగకుండానే అందరికీ పెట్టేయడం. నోటితో చెప్పిన పనిని రెండు లైన్ల మెసేజ్‌గా కూడా పంపడం, మీటింగ్ విషయాలు ముందే ఇవ్వడం, ముఖ్యమైన నోటీసులను చిన్న వాక్యాలతో, బొమ్మలతో రాయడం. స్వీడన్‌లో 1984 నుంచి "8 సీదోర్" అనే పత్రిక వార్తలను అలా సులువైన భాషలోనే ఇస్తోంది. ఆఫీసు నోటీసుకు అదే పద్ధతి వాడితే కొత్తగా చేరినవారికీ, ఆ భాష మాతృభాష కానివారికీ కూడా మేలే. "అతనికెందుకు ప్రత్యేకం?" అనే గుసగుస కూడా పుట్టదు.

ఇంటర్వ్యూ మరో అడ్డంకి. ఇరవై నిమిషాల్లో తడబడకుండా మాట్లాడటం చాలా ఉద్యోగాల్లో అసలు పనికి సంబంధం లేని నైపుణ్యం. "మంచి కమ్యూనికేషన్ స్కిల్స్ తప్పనిసరి" అనే వాక్యం అలవాటుగా ప్రతి ప్రకటనలోకీ వచ్చేస్తుంది. దాని బదులు సగం రోజు పని చేయించి చూస్తే ఇరుపక్షాలకూ నిజం తెలుస్తుంది. ఇప్పుడు దరఖాస్తులన్నీ ఆన్‌లైన్ ఫారాల మీదికి, సమయం గడువున్న పరీక్షల మీదికి మారడంతో డిస్‌లెక్సియా ఉన్నవారు మనిషి ముఖం చూడకముందే వడపోతలో పోయే అవకాశం పెరిగింది. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఫోన్‌లోకే వచ్చేసిన కాలంలో, దాన్ని పరీక్ష తెరమీద పనిచేయనివ్వకపోవడం విచారకరం.

తోడ్పాటు ఎక్కడ చెడుతుంది

మంచి ఉద్దేశంతో మొదలైనవి కూడా దారి తప్పుతాయి. ఒకటి, పెద్దవాళ్లను పిల్లలుగా చూడటం. అదే వయసున్న తోటి ఉద్యోగిని "మీరు" అని, మేధో వైకల్యం ఉన్న నలభై ఏళ్ల మనిషిని మాత్రం "నువ్వు", "బాబూ", "కన్నా" అని పిలవడం ప్రేమగానే జరగవచ్చు. కానీ ఆ పిలుపుతోపాటు అతని మాటకు విలువ కూడా తగ్గుతుంది. సెలవు ఎప్పుడు కావాలో, జీతం ఎక్కడ వేయాలో అతన్ని అడగకుండా ఇంట్లోవాళ్లను అడగడం ఆ తర్వాతి మెట్టు.

రెండోది, ప్రతి తప్పునూ వైకల్యం ఖాతాలో రాయడం. వైద్యంలో దీన్ని మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ రైస్ బృందం 1982లో గుర్తించింది. మేధో వైకల్యం ఉన్న మనిషికి మరో మానసిక సమస్య వచ్చినా వైద్యులు దాన్ని విడిగా చూడటం లేదని తేలింది. పని స్థలంలోనూ ఇదే జరుగుతుంది. బాగా పనిచేసే మనిషి నాలుగు వారాలుగా తడబడుతుంటే నిద్ర పట్టడం లేదా, ఎవరైనా ఏడిపిస్తున్నారా, చెవి సరిగ్గా వినిపించడం లేదా అని అడగరు. "వాళ్లంతే" అనేస్తారు.

మూడోది అంతగా చర్చకు రానిది. కుదిరిన చోటే ఉద్యోగిని ఏళ్ల తరబడి వదిలేయడం. మొదటి ఉద్యోగం ఇచ్చామన్న తృప్తిలో, పదేళ్లయినా అదే పని, అదే జీతం. వైకల్యం లేని ఉద్యోగికి అలా జరిగితే దాన్ని సమస్య అంటారు.

వీటన్నిటికన్నా తరచుగా జరిగేది మాత్రం చాలా మామూలు విషయం. పాత సూపర్‌వైజర్ బదిలీ అవుతాడు. గోదాము గోడమీది అట్ట, మినహాయింపును ముందు చెప్పే అలవాటు, "చేసి చూపించండి" అనే మాట ఇవన్నీ అతని తలలోనే ఉండిపోయాయి, ఏ ఫైల్లోనూ లేవు. కొత్తగా వచ్చినతను చాలా చురుకైనవాడు. గోడలు శుభ్రంగా ఉండాలని పాత కాగితాలన్నీ తీయించేస్తాడు. మర్నాడు పొద్దున నడుస్తూనే ఐదు మాటలు చెప్పి వెళ్లిపోతాడు. ఈ ఒక్క కారణానికే కొన్ని సంస్థలు ప్రతి ఉద్యోగికీ ఉన్న సర్దుబాట్లను ఒక పేజీలో, ఆ ఉద్యోగి అంగీకారంతో రాసి, సూపర్‌వైజర్ మారినప్పుడల్లా పాత, కొత్త సూపర్‌వైజర్లు, ఉద్యోగి ముగ్గురూ కూర్చుని ఆ పేజీ చదివే పద్ధతి పెట్టుకున్నాయి. ఆ కూర్చోవడానికి పట్టేది అరగంట.